అబార్త్ పుంటో రెండో రన్‌కే ఎందుకు నీరసపడింది: ఒక ఆటోక్రాస్ కారు కేస్ స్టడీ

కారు: 2016 మోడల్ ఫియట్ అబార్త్ పుంటో. 1.4 టీ-జెట్ టర్బో పెట్రోల్, ఐదు గేర్ల మాన్యువల్.
ఓనర్: కొంపల్లిలో ఉండే ముప్పై లోపు కుర్రాడు. వారమంతా మాదాపూర్ ఆఫీసుకు ఇదే కారు, ఈవెంట్ ఉన్న ఆదివారం ఆటోక్రాస్‌కీ ఇదే.
పని జరిగిన చోటు: నాచారంలోని మా గ్యారేజ్.

కంప్లైంట్ అతని మాటల్లోనే రాస్తాను. "అన్నా, ఫస్ట్ రన్‌ల బండి మస్తు గుంజుతది. రెండో రన్‌కే దమ్ము పోతున్నది. మూడో రన్‌కు వచ్చేసరికి మామూలు స్విఫ్ట్‌లు నాకన్న మంచి టైమ్ కొడుతున్నయ్. రీమ్యాప్ కొట్టియ్యి. ఇంకో ముప్పై హార్స్‌పవర్ వస్తే సరిపోతది."

"తమ్ముడూ, మొదటి రన్‌లో ఉన్న పవర్ మూడో రన్‌లో ఎటు పోయిందో తెలియకుండా కొత్త పవర్ ఎక్కిస్తే అదీ అటే పోతుంది" అన్నాను. అతనికి నచ్చలేదు కానీ కారు వదిలి వెళ్లాడు. రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయకుండానే ఆ కారు మూడో రన్ మొదటి రన్ కన్నా బాగా వెళ్లే స్థితికి వచ్చింది. ఎలా వచ్చిందో పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి తోసే పరికరం) ఉన్న కారుతో ఆటోక్రాస్‌కి వెళ్లే కుర్రాళ్లలో ఎక్కువమంది ఇదే కోరికతో గ్యారేజ్‌లకు వస్తున్నారు.

ఆటోక్రాస్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. పెద్ద ఖాళీ స్థలంలో కోన్లు పెట్టి దారి ఏర్పరుస్తారు. ఒక్కో కారు విడిగా వెళ్తుంది, పోటీ అంతా గడియారంతోనే. కోన్ తగిలితే టైమ్‌కి పెనాల్టీ కలుస్తుంది. మన దేశంలో మట్టి మీద జరిగేవీ ఉన్నాయి. ఈ కేసు తారు, కాంక్రీటు మీద జరిగే రకానిది. రన్ నిమిషంలోపే అయిపోతుంది, అందులో సింహభాగం సెకండ్ గేర్‌లోనే గడుస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగాక మా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో ఈ ఆసక్తి బాగా పెరిగింది. నాకది నిజంగా సంతోషం. ఓఆర్ఆర్ మీద అర్ధరాత్రి పందేలు కాసి ఎవరి ప్రాణమో తీసే బదులు, హెల్మెట్ పెట్టుకుని కోన్ల మధ్య తిరగడం వెయ్యి రెట్లు మేలు.

ఈ కారు సంగతి

అబార్త్ పుంటో మన మార్కెట్లోకి 2015 అక్టోబర్‌లో వచ్చింది. ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 9.95 లక్షలు. 1,368 సీసీ ఇంజన్, 145 బీహెచ్‌పీ, 212 న్యూటన్ మీటర్ల టార్క్. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్, గ్రౌండ్ క్లియరెన్స్ 155 మిల్లీమీటర్లు. ఆ ధరకి అంత బలమున్న హ్యాచ్‌బ్యాక్ అప్పుడు మరొకటి లేదు. అయినా అమ్ముడుపోయినవి కొద్దే. సర్వీసు మీద జనానికి నమ్మకం లేదు, మైలేజీ లెక్క కుదరలేదు. 2019 కల్లా పుంటో, లీనియా రెండూ మన మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. మిగిలినవాటిని ఓనర్లు కన్నబిడ్డల్లా చూసుకుంటున్నారు. బానెట్ మీదున్న తేలు, 1949లో ఈ కంపెనీ పెట్టిన కార్లో అబార్త్ రాశి గుర్తు. ఆయన పుట్టింది నవంబర్‌లో.

ఆటోక్రాస్ దృష్టితో చూస్తే ఈ కారుకి రెండు బలాలు, రెండు ఇబ్బందులు. స్టీరింగ్ చేతికి నిజం చెబుతుంది, ముందు చక్రాలు ఎప్పుడు జారబోతున్నాయో ముందే తెలుస్తుంది. బ్రేకులు గట్టివి. ఇక ఇబ్బందులు: బరువు దాదాపు 1,200 కేజీలు, అందులో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే. పైగా రెండు ముందు చక్రాలకీ ఇంజన్ బలం పంచే డిఫరెన్షియల్ ఓపెన్ రకం. మలుపులో లోపలి చక్రం మీద బరువు తగ్గగానే ఇంజన్ బలమంతా ఆ చక్రాన్ని ఉత్తినే తిప్పడానికి ఖర్చవుతుంది. ఇలాంటి కారుకి ఇంకో ముప్పై హార్స్‌పవర్ ఇస్తే టైర్ల పొగ ఎక్కువ వస్తుంది, టైమ్ తగ్గదు.

వేడి

మొదట చేసిన పని ఇంజన్ అంకెలు చదివి రాసుకునే స్కానర్ పెట్టి, ఈవెంట్‌లో జరిగేదాన్నే మళ్లీ జరిపించడం. గ్యారేజ్ ముందు ఐడ్లింగ్‌లో పెట్టి చూస్తే ఈ జబ్బు బయటపడదు. ఓనర్‌కి తెలిసినవాళ్ల ప్రైవేటు స్థలంలో కోన్లు పెట్టి, అసలు ఈవెంట్‌లో లాగే ఒక రన్, ఆ తర్వాత క్యూలో నిలబడినట్టు ఇంజన్ ఆన్‌లోనే ఎదురుచూపు, మళ్లీ రన్. ఏప్రిల్ ఎండ, మధ్యాహ్నం పూట.

ఇంజన్‌లోకి వెళ్లే గాలి వేడి మొదటి రన్ మొదలయ్యేటప్పుడు 48 డిగ్రీలు. మూడో రన్ మొదలయ్యేటప్పుడు 71. గాలి ఇరవై మూడు డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాని సాంద్రత దాదాపు 7 శాతం పడిపోతుంది. అంటే టర్బో అదే ఒత్తిడితో తోసినా సిలిండర్‌లోకి వెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది. అంతటితో ఆగదు. గాలి వేడిగా ఉంటే నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు లేకుండా పేలడం) వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) తనంతట తానే స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ కాస్త ఆలస్యంగా ఇస్తుంది. రెండూ కలిసి పికప్‌ని తినేస్తాయి. ఇంజన్ తనను తాను కాపాడుకుంటోంది. ఆ కాపుదలను రీమ్యాప్‌తో తీసేయమని అడగడం అంటే పిస్టన్ల మీద పందెం కాయడమే.

హైదరాబాద్ ఎత్తు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. మనం సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్నాం. చెన్నైతో పోలిస్తే ఇక్కడి గాలి ఒత్తిడి ఆరు శాతం దాకా తక్కువ. టర్బో లేని ఇంజన్ ఆ మేరకు బలం కోల్పోతుంది. టర్బో ఇంజన్ ఆ లోటును పూడ్చుకోగలదు, కానీ అందుకు టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ మరింత వేగంగా తిరగాలి, తిరిగే కొద్దీ బయటికొచ్చే గాలి మరింత వేడెక్కుతుంది. ఆ వేడినంతా దింపాల్సింది ఇంటర్‌కూలర్. అది పని చేయాలంటే దాని గుండా గాలి పోవాలి. ఆటోక్రాస్‌లో సగటు వేగం తక్కువ, రన్‌కీ రన్‌కీ మధ్య కారు కదలదు. హైవే మీద ఏ లోటూ కనిపించని ఇంటర్‌కూలర్ ఇక్కడ చేతులెత్తేయడంలో వింతేమీ లేదు.

బంపర్ విప్పి చూస్తే సగం కారణం కళ్లకే కనిపించింది. ఎప్పుడో చిన్న దెబ్బ తగిలి బంపర్ మార్చినప్పుడు, గాలిని ఇంటర్‌కూలర్ వైపు మళ్లించే ప్లాస్టిక్ తొడుగు మళ్లీ బిగించలేదు. ముందు నుంచి వచ్చిన గాలి సులువైన దారి చూసుకుని పక్కల నుంచి జారిపోతోంది. పైగా రెక్కల మధ్య ఏళ్ల నాటి దుమ్ము, పురుగులు. ఇంటర్‌కూలర్‌ని తేలికపాటి ఒత్తిడితో వెనక నుంచి ముందుకు కడిగాం. పల్చటి అల్యూమినియం రేకుతో తొడుగు చేసి, అంచులకు ఫోమ్ పట్టీ అంటించి, గాలి తప్పించుకునే సందు లేకుండా మూసేశాం. మా టింకరింగ్ కుర్రాడు ఆ రేకు అంచుల్ని లోపలికి మడిచిన తీరు చూస్తే కంపెనీ పార్ట్ అనుకుంటారు.

క్యూ పద్ధతి కూడా మార్పించాను. రన్ ముగియగానే తాళం తిప్పి ఇంజన్ ఆపేయకూడదు; ఎర్రగా కాలిన టర్బో బేరింగ్‌లో ఆయిల్ నిలిచిపోయి మాడి గడ్డకడుతుంది. అలాగని క్యూలో పది నిమిషాలు ఐడ్లింగ్‌లో పెట్టినా తప్పే, బానెట్ కింద కొలిమి తయారవుతుంది. తిరిగొచ్చే దారిలో బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) రాకుండా మెల్లగా నడపాలి, ఆగాక ఒక నిమిషం ఐడ్లింగ్, తర్వాత ఆఫ్, వెంటనే బానెట్ ఎత్తేయాలి. వంతు దగ్గర పడ్డాక స్ప్రే బాటిల్‌తో ఇంటర్‌కూలర్ మీద నీళ్లు చల్లుకోవచ్చు, నిర్వాహకులు ఒప్పుకుంటేనే. ట్రాక్ మీద నీళ్లు కారితే వెనకొచ్చేవాడికి ప్రమాదం, అందుకని ముందు అడగడం తప్పనిసరి.

బూస్ట్ ఎక్కడ పోతోంది

వేడి ఒక్కటే అయితే కేసు ఇక్కడితో అయిపోయేది. కానీ స్కానర్ రాసుకున్న లాగ్‌లో ఇంకో అంకె నన్ను వదల్లేదు. మొదటి రన్‌లో బూస్ట్ 0.9 బార్ దాకా వెళ్తోంది. మూడో రన్‌లో 0.65 దగ్గరే ఆగిపోతోంది. వేడికి బలం తగ్గుతుంది, నిజమే, కానీ బూస్ట్ ఒత్తిడి అంతగా పడిపోవడానికి అది చాలదు. ఎక్కడో గాలి లీకవుతోంది, అదీ వేడెక్కాకే.

ఇంతకుముందు చూపించిన ఒక చోట పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద లీక్ టెస్ట్ చేసి, అంతా బాగుందని పంపేశారట. చల్లగా ఉన్నప్పుడు నిజంగానే లీక్ లేదు. మేం కారుని బాగా తిప్పి, వేడి మీదున్నప్పుడే టర్బో నుంచి బయటికొచ్చే హోస్‌కి అడాప్టర్ బిగించి, గ్యారేజ్ కంప్రెసర్ నుంచి అర బార్ గాలి పంపి, జాయింట్లన్నిటి మీదా సబ్బు నీళ్లు చల్లాం. ఇంటర్‌కూలర్ హోస్ క్లిప్పు దగ్గర చిన్న బుడగలు వచ్చాయి. క్లిప్పు మార్చాం, ఆగిపోయాయి. కానీ గేజ్ ముల్లు ఇంకా కిందికి జారుతూనే ఉంది. బయట ఎక్కడా నురగ లేదు. అంటే గాలి బయటికి పోవడం లేదు, తిరిగి టర్బో ముందున్న ఇన్‌టేక్ పైపులోకే పోతోందని అనుమానం. ఆ దారిలో మొదట చూడాల్సింది డైవర్టర్ వాల్వ్.

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడు థ్రాటిల్ మూసుకుంటుంది, టర్బో మాత్రం ఇంకా గాలి తోస్తూనే ఉంటుంది. ఆ గాలిని మళ్లీ కంప్రెసర్ ముందుకు వదిలేయడం ఈ వాల్వ్ పని. లోపల రబ్బరు పొర ఉంటుంది. టీ-జెట్ ఇంజన్లలో ఆ పొర చిరగడం తెలిసిన జబ్బే. రోడ్డు మీద కన్నా ఆటోక్రాస్‌లో ఇది త్వరగా వస్తుంది, ఎందుకంటే నిమిషంలోపు రన్‌లో కాలు ఎన్నిసార్లు ఎత్తితే అన్నిసార్లు ఆ పొర లేచి పడుతుంది.

వాల్వ్ విప్పి, చేతి పంపు తగిలించి ఒత్తిడి ఇచ్చాం. ముల్లు కదల్లేదు. అప్పుడు దాన్ని వేడి నీళ్లలో కాసేపు ఉంచి, తీసి తుడిచి, మళ్లీ ఒత్తిడి ఇచ్చాం. ముల్లు మెల్లగా, ఆగకుండా సున్నా వైపు జారింది. ఓనర్ పక్కనే నిలబడి చూశాడు. మూత విప్పి పొరను వేళ్ల మధ్య సాగదీస్తే అంచు దగ్గర గోరంత చీలిక, నెలవంక ఆకారంలో. రబ్బరు చల్లగా బిగుసుకుని ఉన్నప్పుడు చీలిక అంచులు అతుక్కుని ఉంటాయి. వేడికి మెత్తబడగానే ఒత్తిడికి విచ్చుకుంటుంది. మొదటి రన్‌లో ఉన్న దమ్ము మూడో రన్‌లో లేకపోవడానికి పెద్ద కారణం ఆ గోరంత చీలికే.

కొత్త వాల్వ్ యూరప్ నుంచి తెప్పించాం. అరుదైన కారు కదా, పార్ట్స్ ఎలా అని భయపడేవాళ్లకి ఒక మాట: కారు అరుదే కానీ ఇంజన్ అరుదు కాదు. ఇదే 1.4 టీ-జెట్ యూరప్‌లో అబార్త్ 500, 595, 695లలో వస్తూ పోయింది. ఇంజన్‌కి, టర్బోకి సంబంధించినవి ఆన్‌లైన్‌లో హాయిగా దొరుకుతాయి. వాల్వ్‌కి అయిన ఖర్చు, కొరియర్ కలుపుకున్నా, అతను అనుకున్న రీమ్యాప్ ధరలో నాలుగో వంతు లేదు. అసలు కష్టమంతా పుంటోకే ప్రత్యేకమైన భాగాలతో.

కింది మౌంట్

ఆ కష్టం వెంటనే ఎదురైంది. స్టార్ట్ లైన్ దగ్గర క్లచ్ వదలగానే ముందు చక్రాలు దడదడమని ఎగురుతున్నాయి. కారు లిఫ్ట్ మీద ఎక్కించి, ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే కింది మౌంట్‌లో పొడవాటి రాడ్ పెట్టి అటూ ఇటూ కదిపితే ఇంజన్ మొత్తం ఊగింది. మౌంట్ లోపల కుదుపు మింగే బుష్ రబ్బరు ఇనుము నుంచి విడిపోయింది. టర్బో టార్క్ ఒక్కసారిగా వచ్చినప్పుడు ఇంజన్ వెనక్కి వాలి, మళ్లీ ముందుకు కొట్టుకుంటుంది. ఆ ఊపు చక్రాలకు చేరి టైరు పట్టు వదిలి, పట్టి, వదిలి ఎగురుతుంది.

పుత్లీబౌలీ, రాణిగంజ్ దుకాణాలన్నీ తిరిగాం. దొరికినవి ఏళ్ల తరబడి షెల్ఫ్‌లో ఉండి రబ్బరు రాయిలా మారినవి, లేదా ఆటోనగర్‌లో విప్పేసిన కార్ల నుంచి వచ్చిన, అంతే ఊగే పాతవి. చివరికి పాత మౌంట్ ఇనుప చట్రాన్నే బాలానగర్ తీసుకెళ్లి, మాకు అలవాటైన టర్నర్ చాచా దగ్గర గట్టి రబ్బరు లాంటి పాలీయురేథేన్ బుష్ చేయించాం. నేను గట్టి గ్రేడ్ అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "పూరా గట్టిగ చేస్తే రేస్‌కు మంచిదే బేటా. కానీ రోజూ ఆఫీస్‌కు పోయే బండి గదా, సిగ్నల్ కాడ నిలవడితే డ్యాష్‌బోర్డంత వణుకుతది." మధ్య రకం గ్రేడ్‌తో చేసి, బయటి వ్యాసం లేత్ మీద వెంట్రుక వాసి దించి, ప్రెస్ మీద ఎక్కించాడు. ఐడ్లింగ్‌లో కొంచెం అదురు పెరిగింది. స్టార్ట్‌లో చక్రాల ఎగురుడు ఆగిపోయింది. ఇలాంటి చేతులు బాలానగర్‌లో ఉన్నంత కాలం అరుదైన కార్లకు ఈ ఊళ్లో ఆయుష్షు ఉంటుంది.

ముందు పట్టు

టైర్లు కంపెనీ సైజే, 195/55 ఆర్16. మంచి స్థితిలో ఉన్నాయి కాబట్టి మార్చలేదు. గాలి మాత్రం రోడ్డు లెక్కలో ఉంది. సుద్దముక్కతో టైరు అంచు నుంచి పక్కగోడ వరకు మూడు చోట్ల గీతలు గీసి ఒక రన్ పంపితే, ముందు టైర్ల మీద సుద్ద పక్కగోడ దాకా చెరిగిపోయింది. అంటే మలుపులో టైరు మడత పడి పక్కగోడ మీద నడుస్తోంది. రెండేసి పీఎస్‌ఐ పెంచుకుంటూ పోయి, వేడి మీద ముందు 37 దగ్గర ఆపాం. అప్పుడు సుద్ద సరిగ్గా ట్రెడ్ అంచు వరకే చెరిగింది. వెనక 40 పెట్టాం. వెనక పట్టు కొంచెం తగ్గితే కారు ముక్కు మలుపులోకి తేలిగ్గా తిరుగుతుంది. కానీ ఇది మైదానం వరకే. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ డోర్ దగ్గరున్న స్టిక్కర్ ప్రకారం గాలి దించాలని అతని చేత ఒట్టు పెట్టించాను. వానలో ఓఆర్ఆర్ మీద వెనక టైర్లలో 40 పీఎస్‌ఐతో వెళ్లడం చావుతో ఆట.

అలైన్‌మెంట్‌లో ముందు క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి వాలే కోణం) నెగెటివ్ ఒకటిన్నర డిగ్రీ దాకా వచ్చింది, టో (చక్రాల ముందు అంచులు చూసే దిక్కు) కొద్దిగా బయటికి పెట్టాం. వెనక రెండు చక్రాలనూ కలిపే టార్షన్ బీమ్, అక్కడ సర్దడానికి ఏమీ లేదు.

కుడి కాలు

కారు సిద్ధమయ్యాక అతని పక్క సీట్లో కూర్చున్నాను. నా ఉద్దేశంలో టైమ్ ఎక్కువ పోతున్నది ఇక్కడే, మిగతా పనులన్నీ దీనికి దారి చేసినవే.

అతని పద్ధతి: మలుపు ముందు గట్టి బ్రేక్, మలుపంతా కాళ్లు ఖాళీ, బయటికొస్తుండగా యాక్సిలరేటర్ నేలకి. టర్బో లేని కారులో ఇది పెద్ద నష్టం చేయదు. ఇందులో చేస్తుంది. బోరు మోటార్ స్విచ్ వేయగానే కుళాయిలో నీళ్లు రావు కదా, పైపు నిండాలి. ఇక్కడా టర్బో తిరిగి, హోసులు, ఇంటర్‌కూలర్ నిండి, ఒత్తిడి లేచాకే టార్క్ వస్తుంది. లాగ్‌లో చూస్తే పెడల్ నేలకి ఆనిన తర్వాత దాదాపు ముప్పావు సెకను దాకా బూస్ట్ లేదు. ఆ ముప్పావు సెకనులో అతనికి అసహనం, అందుకని పెడల్ ఇంకా గట్టిగా. తర్వాత టార్క్ అంతా ఒక్కసారే వస్తుంది. అప్పటికి స్టీరింగ్ ఇంకా తిరిగే ఉంటుంది కాబట్టి లోపలి చక్రం గిర్రున తిరుగుతుంది, కారు కోన్ల వైపు తోసుకుపోతుంది. ఓనర్ దీన్నే "పవర్ చాలట్లేదు" అనుకుంటున్నాడు. నిజానికి ఆ క్షణంలో పవర్ పట్టు కన్నా ఎక్కువగా ఉంది, సమయం తప్పి వచ్చింది.

మార్చింది ఇది. బ్రేక్ కొంచెం ముందే ముగించాలి. కారు మలుపు మధ్యకి చేరకముందే యాక్సిలరేటర్ మూడో వంతు నొక్కి అక్కడే పట్టుకోవాలి, ఊగించకూడదు. వేగం పెంచడానికి కాదు, టర్బోను మేల్కొలిపి ఉంచడానికి. మలుపు విచ్చుకుంటూ స్టీరింగ్ తిన్నగా వస్తున్న కొద్దీ అదే మోతాదులో పెడల్ దించాలి. బిగుతైన హెయిర్‌పిన్ (యూ ఆకారపు మలుపు) ఉంటే ఫస్ట్ గేర్‌కి దించాలన్న ఆశ మానుకోవాలి. దించి మళ్లీ సెకండ్‌లోకి ఎక్కించే లోపు బూస్ట్ పడిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

మొదట్లో అతనికి నెమ్మదిగా వెళ్తున్నట్టే అనిపించింది. "అన్నా, ఇట్ల పోతే నిద్రొస్తది" అన్నాడు. స్టాప్‌వాచ్ చూపించాను. ఆ తర్వాత ఆ మాట మళ్లీ అనలేదు. ముందు ఇన్‌టేక్ గాలి వేడెక్కుతూ, డైవర్టర్ లీకవుతూ ఉన్నప్పుడు ఈ పాఠం చెప్పి ఉంటే అతనికి ఎక్కేది కాదు. ఒకే కాలికి కారు రన్‌కో రకంగా జవాబిస్తుంటే ఏ డ్రైవరైనా ఏం నేర్చుకుంటాడు? ప్రతి రన్‌లో ఒకేలా పలికే కారు ఉంటేనే కాలు చదువుకుంటుంది. అందుకే రీమ్యాప్ కన్నా ముందు ఈ పనులన్నీ.

రీమ్యాప్ మీద నాకు ద్వేషమేమీ లేదు. మంచి 95 ఆక్టేన్ పెట్రోల్, ఆరోగ్యంగా ఉన్న టర్బో, తెలిసినవాడు రాసిన మ్యాప్ ఉంటే హైవే నడిపేవాళ్లకి అది ఆనందాన్నిస్తుంది. ఈ కారు, ఈ ఆట, ఈ ఓపెన్ డిఫరెన్షియల్‌కి మాత్రం అది ఇప్పుడు అక్కర్లేదు. 212 న్యూటన్ మీటర్లే సెకండ్ గేర్‌లో నేల మీద దించలేకపోతున్నప్పుడు 260 ఎక్కడ దించుతాం?

ఇంజన్ సైజును బట్టి ఏ క్లాసులో పోటీ పడాలో కూడా చెప్పాను. ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్‌ఐఏ లెక్కలో పెట్రోల్ టర్బో ఇంజన్ సీసీని 1.7తో హెచ్చవేసి చూస్తారు. 1,368ని అలా హెచ్చవేస్తే 2,326 వస్తుంది. ఆ సూత్రం పాటించే ఈవెంట్‌లో ఈ చిన్న పుంటో రెండు లీటర్లు దాటిన ఇంజన్లతో పోటీ పడాలి. అమెచ్యూర్ ఈవెంట్లలో నియమాలు రకరకాలుగా ఉంటాయి, ఎంట్రీ ఫారం నింపే ముందే నిర్వాహకుల్ని అడిగి తెలుసుకోవాలి. 1,400 సీసీ లోపు అని రాసి పెట్రోల్ టర్బో దించడం పక్కవాళ్లకి అన్యాయం. అతను ఆ మాట విన్నాడు, పై క్లాసులోనే పేరు రాయించుకున్నాడు.

ఫలితం

పనులయ్యాక అదే స్థలం, దాదాపు అంతే ఎండ, అవే కోన్లు. ఇన్‌టేక్ గాలి మూడో రన్ మొదట్లో 55 డిగ్రీలు. బూస్ట్ మూడు రన్‌లలోనూ 0.9కి అటూ ఇటూ. ఇదివరకు మొదటి రన్‌కీ మూడో రన్‌కీ మధ్య టైమ్ దాదాపు రెండు సెకన్లు పెరిగేది. ఇప్పుడు మూడో రన్నే అన్నిటికన్నా తక్కువ టైమ్, ఎందుకంటే అప్పటికి అతనికి దారి కంఠస్థమవుతుంది, కారు అడ్డం రాదు.

ఆ తర్వాతి ఈవెంట్‌లో క్లాసులో గెలవలేదు. బాగా తేలిక చేసిన పాత కారు ఒకటి ముందుంది, దాని డ్రైవర్ చేతిలో ఎన్నో ఏళ్ల పనితనం ఉంది. మావాడు తన పాత టైమ్‌ల కన్నా చాలా ముందుకొచ్చాడు, కోన్ ఒక్కటీ పడలేదు. ఫోన్‌లో మొదటి మాటే: "అన్నా, మూడో రన్‌ల కూడ గుంజింది!"

మిగిలిన పనులు ఇవి. ఆయిల్ గడువు రోడ్డు లెక్కకి సగం చేశాను. ఆటోక్రాస్ తిరిగే టర్బోకి మంచి సింథటిక్ ఆయిల్ కన్నా చౌకైన ఇన్సూరెన్స్ లేదు. ప్రతి ఈవెంట్ తర్వాత హోస్ క్లిప్పులు, కింది మౌంట్ బోల్టులు చూడాలి. ఇంజన్ నుంచి పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి పగుళ్లొచ్చే అలవాటు ఈ ఇంజన్‌కి ఉంది కాబట్టి అక్కడ మసి గీతలు కనిపిస్తే వెంటనే తీసుకురమ్మన్నాను. క్లచ్ పాతదే; స్టార్ట్‌లో జారడం మొదలైతే ముందు దాన్ని మార్చాలి. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఉత్తినే తిరగకుండా ఆపేది) ఆలోచన దాని తర్వాతే, అప్పటికీ అతని కాలు ఇప్పటి పట్టునంతా వాడుకోవడం నేర్చిందని లాగ్ చూపిస్తేనే.